లోపలి నుంచి వేసే పలక

మట్టిగోడ కింది నుంచి కూలుతుందని చాలామంది అనుకుంటారు. అది చచ్చేది పైనుంచి. నెత్తిన పెంకు ఉన్నంతకాలం ఎన్ని తరాలైనా నిలబడుతుంది. పెంకు దించేసి ఒక్క వానాకాలం వదిలేస్తే చాలు, పైనుంచి కరుగుతూ వచ్చి నేలలో కలిసిపోతుంది. ఎవరూ గునపం పట్టక్కర్లేదు, ఎవరి మీదా నింద పడదు. మా ఇంటిని అలాగే చంపారు. నాకు ముక్కు మీద కోపమని మా వాళ్లందరూ అంటారు. ఉంది. ఈ విషయంలో అది తగ్గాలని నేను కోరుకోవడం కూడా లేదు.

ఆ ఇల్లు ఛత్తీస్‌గఢ్‌లో నందిని గనులకి ఆనుకుని ఉన్న ఒక పల్లెలో, రోడ్డు మీదికే ఉండేది. కట్టింది మేం కాదు. ఆ ఊరి పెద్ద కట్టుకున్నాడు, ఇక్కడ గౌంటియా అంటారు. ఎప్పుడు కట్టాడో ఊళ్లో ఎవరికీ తెలియదు, గనులు రాకముందు నుంచీ ఉందని మాత్రం చెప్పేవారు. గోడలు ఎంత మందమంటే, కిటికీ గట్టు మీద నేను మోకాళ్లు ముడుచుకుని పడుకునేదాన్ని. నడుమ వాకిలి, చుట్టూ వసారా, మూలన మట్టితో కట్టిన ధాన్యపు గాది. వాసాలకి సాల్ చెక్క, వాటి మీద వెదురు, వెదురు మీద చేత్తో చేసిన నాటు పెంకులు. గోడలకి తెల్లమట్టి పూసేవారు. మధ్యాహ్నం ఎండలో గనుల వైపు నుంచి పేలుడు వినిపించి పెంకులు గలగలమన్నా, గదిలో మాత్రం చల్లగానే ఉండేది.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి సున్నపురాయి కొట్టడానికి వచ్చినవాడు. దుమ్ముకి దగ్గు పట్టుకున్నాక రాయి మానేసి, ఆ ఇంటి ముందుగది అద్దెకి తీసుకుని కిరాణా కొట్టు పెట్టాడు. గౌంటియా కుటుంబం దుర్గ్ వెళ్లిపోయినప్పుడు ఇల్లంతా కొనుక్కున్నాడు. కొన్నాక చేసిన మొదటి పని ముందుగోడ కోయించడం. గౌంటియా ఇంటికి వీధిలోకి ఒకటే గుమ్మం, అదీ ఓ పక్కకి, లోపలి ఆడవాళ్లు దారినపోయేవాళ్లకి కనబడకుండా. అలాంటి ఇంట్లో ఉప్పూ పప్పూ ఎవడు కొంటాడని మా తాత వాదన. గోడని మనిషెత్తున, గది వెడల్పునా కోయించి, మన వైపు కొట్లకి ఉన్నట్టు పలకల తలుపు పెట్టించాడు. ముందు ఒక అరుగు కట్టించాడు. వడ్రంగిని కూడా మన ఊరి నుంచే రప్పించాడట, ఇక్కడివాళ్లకి ఈ పని తెలియదని. దాంతో ఇల్లు ఒళ్లంతా ఛత్తీస్‌గఢ్‌ది, మొహం మాత్రం మాది అయింది. ఊరివాళ్లు మొదట్లో నవ్వారు, తర్వాత ఆ అరుగు మీదే కూర్చుని బీడీలు కాల్చారు.

పలకల తలుపు చూడనివాళ్లకి అదెలా ఉంటుందో చెప్పాలి. పైన గుమ్మపు దూలంలో లోతైన గాడి, కింద గడపలో మరో గాడి. రెంటి మధ్యా తొమ్మిది నిలువు పలకలు, ఒకదాని పక్కన ఒకటి. లోపల నిలబడి చూస్తే కుడి చివర పై గాడికి ఒక పలక పట్టేంత కోత ఉంటుంది. పలకని అక్కడ నిలబెట్టి గాడిలోకి ఎక్కించి ఎడమకి తోసుకుంటూ పోవాలి. ఆఖరి పలక ఆ కోతలోనే నిలుస్తుంది. దాన్ని గాడి పట్టుకోదు, లోపలి నుంచి అడ్డంగా ఇనపకడ్డీ వేసి బిగించాలి. అందుచేత కొట్టు మూసే మనిషి ఎప్పుడూ లోపలే ఉండిపోతుంది.

వరస గుర్తుండటానికి వడ్రంగి ప్రతి పలకకీ లోపలి వైపు ఉలితో గాట్లు పెట్టాడు. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా తొమ్మిది దాకా. కానీ బస్తాలు ఈడ్చీ ఈడ్చీ గడప నడుమ అరిగిపోయింది. ఐదు గాట్ల పలక అక్కడ కిందికి దిగి పై గాడిలోంచి జారిపోయేది, గాలి వేస్తే టపటప కొట్టుకునేది. ఎనిమిది గాట్ల పలక వడ్రంగి పొరపాటు వల్లో ఏమో వేలెడు పొడుగు. దాన్ని ఐదో చోట వేస్తే సరిగ్గా కూర్చుంటుంది. ఐదుది వెళ్లి ఎనిమిదో చోట నిలబడుతుంది. ఇలా మార్చి వేయాలని ఎక్కడా రాసి లేదు. రోజూ వేసిన చేతులకి మాత్రమే తెలుసు.

ఆ చేతులు మా మేనత్తవి. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వస్తే, తాత ఆమెని కొట్లో కూర్చోబెట్టాడు. తాత పోయాక కొట్టు ఆమెదే అయింది. వంటింటికీ కొట్టుకీ మధ్య గోడలో అరచేతంత కన్నం ఉండేది. పొయ్యి మీద అన్నం పొంగుతోందో లేదో బేరం మానకుండా అందులోంచి చూసేది. మా నాన్న గనుల్లో పనిచేసేవాడు, మాకు కాలనీలో క్వార్టర్ ఉండేది. బడి వదిలాక నేను నేరుగా కొట్టుకే పోయేదాన్ని. అమ్మ కంటే అత్త దగ్గరే ఎక్కువ పెరిగానని చెప్పినా తప్పు కాదు. తమ్ముడు ట్యూషన్‌కి, ఆ తర్వాత క్రికెట్‌కి. వాడు ఒక్కరోజు కూడా పలక ముట్టలేదు. మొగపిల్లాడు కొట్టు మూస్తే ఏమవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, మా ఇంట్లో అది ఆడవాళ్ల పనిగానే సాగింది.

పొద్దుగూకే వేళకి ఇద్దరం మూసేవాళ్లం. నేను పలక అందించేదాన్ని, అత్త ఎక్కించేది. చెయ్యి తప్పి గాట్ల వరస ప్రకారం ఐదుది అందిస్తే, “ఏటే, బళ్లో నేర్సిన లెక్కలు బళ్లోనే ఒగ్గీసి రా” అని నవ్వేది. ఎనిమిదీ అయ్యాక నన్ను ఆ సందులోంచి బయటికి పంపేది. అరుగు కింద నాన్న సైకిలు పట్టుకుని ఉండేవాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆ పలక వెడల్పు సందులో అత్త మొహం, భుజం, చీర అంచు కనబడేవి. తర్వాత తొమ్మిదోది వచ్చి నిలబడేది. లోపల కడ్డీ పడిన చప్పుడు. నేను రాత్రి అన్నం తింటూ కూడా రేపు మళ్లీ కొట్టుకి పోతానని అనుకుంటూ ఉండేదాన్ని.

పెద్దయ్యాక నేను బడిలో లెక్కలు చెప్పే టీచర్నయ్యాను. మా ఆయనకి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం, దాని టౌన్‌షిప్ సెక్టర్ 4లో క్వార్టర్. తమ్ముడు దుర్గ్‌లో చిన్నచిన్న కాంట్రాక్టులు పట్టి పైకొచ్చాడు, రుఆబాంధా పక్కన ఫ్లాటు కొన్నాడు. పల్లెలో మార్టు లాంటి షాపు ఒకటి వచ్చి మా కొట్టు వెలవెలబోయింది. అత్తకి మోకాళ్లు పట్టేశాయి. తమ్ముడు ఆమెని తన ఫ్లాటుకి తీసుకెళ్లాడు. అప్పటి నుంచీ ఆదివారాలు నేనే పల్లెకి వెళ్లి, ఇల్లు ఊడ్చి, గాలి తగలడానికి రెండు పలకలు తీసి, సాయంత్రం మళ్లీ వేసి, పెరటి తలుపుకి తాళం పెట్టి వచ్చేదాన్ని. ప్రతి ఏడూ వానలకి ముందు పెంకు తిరగేయించేదాన్ని. అంటే పెంకులన్నీ దించి, నాచు గోకి, పగిలినవి తీసేసి మళ్లీ పరచడం. రిటైరయ్యాక ఆ ముందుగదిలో ఊరి పిల్లలకి లెక్కలు చెప్పాలని నా కోరిక. ఈ కోరిక విని మా ఆయన నవ్వాడు, పిల్లలు వినలేదు. అత్త మాత్రం “సెప్పు, సెప్పు, బాగుంటాది” అంది. ఆ మాట మీద నేను చాలాకాలం బతికాను.

తమ్ముడు ఇల్లు అమ్మేద్దామన్నాడు. రోడ్డు పక్క స్థలం, గోడౌన్ వేస్తామని ఎవరో అడుగుతున్నారట. అమ్మానాన్నలు పోయాక కాగితాల్లో అత్తకీ, నాకూ, వాడికీ హక్కుంది, ముగ్గురి సంతకాలూ కావాలి. నేను పెట్టనన్నాను.

“దీదీ, నాలుగు మట్టిగోడలు. ఉస్‌మే క్యా హై? ఏముంది అందులో?” అన్నాడు.

“ఆ గోడలు నిలబడి ఉన్నంతకాలం నా సంతకం అడక్కు” అన్నాను.

కోపంలో వచ్చిన మాట అది. వాళ్లు దాన్ని జాగ్రత్తగా దాచుకున్నారు.

ఆ తర్వాతి ఎండాకాలం బాగా ముదిరింది. తమ్ముడే ఫోన్ చేశాడు. “దీదీ, ఈ ఎండలో నువ్వు పోయి పెంకు తిరగేయించడమేంటి? టెన్షన్ మత్ లో. నా పనివాళ్లున్నారు, నేను చేయిస్తా” అన్నాడు. వాడికి కూడా ఇంటి మీద మనసు తిరిగిందని ఎంత సంబరపడ్డానో! ఆ రోజు పాయసం వండి మా ఆయనకి పెట్టి మరీ చెప్పాను. మా పెద్దమ్మాయి కాన్పు దగ్గరపడి ఆ వేసవంతా నాగ్‌పూర్‌లోనే ఉండిపోయాను. సెలవు పొడిగించుకుని, వానాకాలం చివర్లో తిరిగి వచ్చి పల్లెకి వెళ్తే, ఇల్లు లేదు. వసారా స్తంభాలు రెండు నిలబడి ఉన్నాయి. మిగతాదంతా ఎర్రటి బురద. నేను పడుకున్న కిటికీ గట్టు ఎక్కడుండేదో కూడా ఆనవాలు పట్టలేకపోయాను. పెంకులు మాత్రం పెరట్లో గట్టు దగ్గర దొంతరలుగా పేర్చి ఉన్నాయి, ఒక్కటీ పగల్లేదు.

“దించాక లేబర్ వాళ్లు ఛుట్టీకి ఊళ్లకి పోయారు దీదీ, ఇంతలో వాన దిగింది” అని తమ్ముడు తల పట్టుకున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. బద్ధకం, బాధ్యత లేకపోవడం, డబ్బు మదం, ఏ మాటా మిగల్చలేదు. వాడు అన్నీ పడ్డాడు.

నాకు ఆ ఇంట్లో ఇంక కావలసినవి పలకలే. అవైనా తెచ్చి మా క్వార్టర్‌లో పెట్టుకుందామనుకున్నాను. బురదలో అవి లేవు. అత్తనడిగితే, వాళ్ల ఫ్లాటు బాల్కనీలో కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పింది.

“సెదలు పట్టీసినాయే. లోపలంతా డొల్ల. పొయ్యిలోకి ఒగ్గీసినారు.”

సాల్ చెక్కకి అంత తేలిగ్గా చెదలు పట్టదని నాకు తెలుసు. అయినా చెప్పింది అత్త కదా. ఆమె ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చాను. తమ్ముణ్ని ఆమె ముందే మళ్లీ తిట్టాను. ఆమె నా వీపు నిమిరింది, అల్లం వేసి టీ పెట్టిచ్చింది. “పోన్లేమ్మా, పోనాదానికి ఏటి సేస్తాం” అంది. ఇల్లే లేనప్పుడు బురద మీద పంతం ఎందుకని ఆ నెలలోనే సంతకం పెట్టేశాను. మా ముగ్గురిలో మనసు విరిగింది నాకూ అత్తకీ అనుకున్నాను. ప్రతి ఆదివారం పల్లెకి బదులు ఆమె దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. పోయిన ఇంటి గురించి చెప్పుకోవడానికి నాకు ఇంకెవరున్నారు?

పోయిన చలికాలం మా బడిలో టీచరు కూతురి రిసెప్షన్ అయింది, హైవే మీద కొత్త రిసార్టులో. భోజనాల హాలుకి పల్లెటూరి వేషం వేశారు. ఎడ్లబండి చక్రం, లాంతర్లు, తిరగలి. జనం ప్లేట్లు పట్టుకుని ఫోటోలు తీసుకుంటున్నారు. నేను కూడా అరటికాయ బజ్జీ తింటూ, మన సామాను మనకే చూపించి డబ్బులు గుంజుతున్నారని పక్కావిడతో అంటున్నాను. అంటూండగా ఎదుటి గోడ మీద మా కొట్టు కనబడింది.

తొమ్మిది పలకలు. వార్నిషు కొట్టి, పైనా కిందా కొత్త చట్రం బిగించి, గోడకి ఆనించారు. లోపలి ముఖం జనం వైపు తిప్పారు. అత్త చేతి జిడ్డు పట్టి నల్లబడిన చోటు వార్నిషు కింద కూడా నల్లగానే ఉంది. చెదలు లేవు, డొల్ల లేదు. తమ్ముడు అమ్ముకున్నాడన్నమాట! నాకు ముందు వచ్చిన కోపమంతా వాడి మీదికే పోయింది. పెళ్లివాళ్ల ముందు పరువు పోతుందని ప్లేటు కింద పెట్టి, ఊపిరి కూడదీసుకోవడానికి గాట్లు లెక్కపెట్టాను. లెక్కల టీచర్ని, కంగారు పుడితే ఏదో ఒకటి లెక్కపెడతాను.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎనిమిది. ఆరు, ఏడు. ఐదు. తొమ్మిది.

మళ్లీ చూశాను. అదే వరస. ఆ హాల్లో అరిగిన గడప లేదు. ఏ వడ్రంగైనా గాట్లు చూసి ఐదు తర్వాత ఆరు పెడతాడు. తమ్ముడికి ఆ వరస తెలియదు, వాడెప్పుడూ పలక ముట్టలేదు. ఈ భూమ్మీద ఆ వరస తెలిసినవాళ్లం ఇద్దరమే ఉన్నాం. నేను ఇక్కడికి రావడం ఇదే మొదలు.

ఫోటో తియ్యమని ఎవరో అమ్మాయి నా చేతికి ఫోనిచ్చింది. ఆ పలకల ముందు నిలబడి నవ్వింది. తీశాను. ఇంకోటి తియ్యమంది. అదీ తీశాను. ఆ పలకలు ఎవరివో ఆ పిల్లకి ఎందుకు చెప్పడం!

మర్నాడు బడికి సెలవు పెట్టి అత్త దగ్గరికి వెళ్లాను. తమ్ముడూ మరదలూ పనులకి పోయారు. ఆమె కింద చాప మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. నేను నిలబడే అడిగాను.

“ఐదుదాన్ని ఎనిమిదో చోట ఎవరు పెట్టారత్తా?”

ఆమె చేతిలో ఆకు ఆగిపోయింది. బుకాయించలేదు. అందుకైనా సంతోషించాలేమో.

“సూసినావేటి” అంది. “నీ తమ్ముడు నన్నూ కార్లో తీస్కెల్లినాడు. ఓటలోళ్లు ఎలా ఎట్టాలో తెలీక నిలబడిపోనారు. నానే ఎట్టినాను. మార్సి ఎట్టాలని అనుకోలేదే, సెయ్యి అలగే ఎల్లిపోనాది.”

“పెంకు దించేసి వదిలేయడం కూడా నీకు తెలుసా?”

“తెల్సు.”

“నేను గోడలున్నంతకాలం సంతకం పెట్టనన్నానని?”

“అవునే. ఆడు గోడలు పడగొట్టించీస్తానంటే నానే వొద్దన్నాను. గునపం పెడితే నీకు తెలిసిపోద్దని.”

అంటే ఆ ఉపాయం వాడిది కూడా కాదు. నీ ఒళ్లో పడి ఏడ్చానే, నీ ముందు వాణ్ని అన్నేసి మాటలన్నానే, టీ పెట్టిచ్చావే, నిన్ను నమ్మాను కదత్తా అని అరిచాను. పక్క ఫ్లాటు దీదీ తలుపు తీసి చూసి మళ్లీ వేసుకుంది. అత్త గోంగూర పక్కకి నెట్టింది.

“నువ్వు ఆదివారం ఒచ్చీదానివి. తుడిసి, రెండు పలకలు తీసి, గాలి పీల్చుకుని బస్సెక్కి ఎల్లిపోయీదానివి. నీకు బాగుంటాది. నన్ను మా అయ్య అడిగే కూకోబెట్టినాడేటి ఆ కొట్లో? ఇంకో మనువు సేస్తావా అని ఎవులైనా అడిగినారా? పొద్దుగూకితే సాలు, నా సేత్తో నానే ఏసుకునీదాన్ని ఆ పలక. నువ్వు సైకిలెక్కి ఎల్లిపోయీదానివి, నాను లోపల. అన్నేళ్లూ లోపల. నాను పోయినాక కూడా అది అక్కడ నిలబడి ఉంటాదనుకుంటే నాకు సయించలేదే.”

ఏదో గుర్తొచ్చినట్టు, “ఆ ఓటల్లో ఆకరి పలక బయట నిల్సోని ఎట్టినాను. ఎట్టీసి, తిరిగి కారెక్కీసినాను” అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం నేను ఎప్పుడూ చూడనంత తేటగా ఉంది.

నాకు అర్థం కాలేదని అనను. అర్థమైంది, ఆ క్షణంలోనే అయింది. ఆ సందులో కనబడే మొహాన్ని అన్నేళ్లు చూసి, ఆ మొహం ఏమనుకుంటోందో నేను ఒక్కసారీ అనుకోలేదన్నది కూడా తెలిసింది. కానీ ఈ మాటే ఆమె నాతో ముందు చెప్పి ఉంటే? అత్తా, నీకు ఆ ఇల్లు వద్దా, అయితే నాకూ వద్దు అని ఆ రోజే సంతకం పెట్టేదాన్ని. నేనే దగ్గరుండి పలకలు అందించేదాన్ని. నా దగ్గర దాచవలసినంత పరాయిదాన్నా నేను? అమ్మ దగ్గర చెప్పుకోనివి కూడా ఆమెకి చెప్పుకున్నాను. ఆమె నాకు చెప్పింది చెదలు. ఇల్లు పోయిందన్న బాధ తగ్గింది, నిజం చెప్పాలంటే పూర్తిగా తగ్గింది. ఇది మాత్రం తగ్గడం లేదు.

ఇప్పటికీ ఆదివారం వెళ్తాను. మోకాళ్లకి నూనె రాస్తాను. ఆమె అల్లం టీ పెట్టిస్తుంది, తాగుతాను. మా ఆయన ఆరోగ్యం సంగతి, చిన్నదాని సంబంధం సంగతి, బడిలో గొడవలు, ఏవీ ఆమె దగ్గరికి తీసుకెళ్లడం మానేశాను. ఆమెకి తెలుస్తూనే ఉంది. గ్లాసు నా చేతికిస్తూ ప్రతిసారీ అడుగుతుంది.

“ఏటే, ఏటి కబుర్లు?”

“ఏం లేవత్తా” అంటాను.